ఇంటికొక్క తప్పు

వంకర బాబాయి అలంకరించిన ప్రతి ఇంట్లోనూ ఒక తప్పు ఉండేది. రెండు కాదు, ఒకటే. మిగతా ఇల్లంతా కళ్ళకద్దుకునేలా ఉండేది. ఆ ఒక్క తప్పు మాత్రం పాలగిన్నెలో ఈగలా అందరికీ కనిపిస్తూ ఉండేది.

లోపల గోడల రంగులు, కర్టెన్లు, దీపాలు, బయట గులాబీ తోట అన్నీ ఆయనే ఎంచి పెట్టేవాడు. ఆ ఎంపికలో ఆయనకు సాటి లేరు. ఒక ఇంటికి ఆయన వేయించిన లేత ఆకుపచ్చ చూసి ఒక మేక రెండు రోజులు ఆ గోడ దగ్గర నుంచి కదల్లేదని చెప్పుకునేవారు. ఒక రోజే అనేవాళ్ళూ ఉన్నారు. మేకను అడిగినవాళ్ళు లేరు.

అంత మంచి చేతికీ ఆ వంకర తప్పేది కాదు. అన్నదమ్ములిద్దరు ఉండే ఇంట్లో అన్న గది దీపానికి స్విచ్చి తమ్ముడి గదిలో పెట్టించాడు, తమ్ముడిది అన్న గదిలో. ఇంకో ఇంట్లో వంటగది అల్మరా తలుపూ ఫ్రిజ్ తలుపూ ఒకదానికొకటి గుద్దుకునేవి. ఒకరు ఫ్రిజ్ తలుపు మూసి పట్టుకుని నిలబడితే గానీ ఇంకొకరికి అల్మరా తెరుచుకోదు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఆయన్ని తిట్టని పూట లేదు. ఎవరు వచ్చి మొత్తుకున్నా బాబాయి ముక్కు కొస గోక్కుని ఒకే మాట అనేవాడు.

"ఉండనీవోయ్. అలవాటవుతుంది."

తప్పు ఆయనది, తిట్లు మాత్రం ఆయన బావమరిదికి. ఈ బావమరిది వడ్రంగి మేస్త్రి. బాబాయి భార్యకు స్వయానా తమ్ముడు. మేస్త్రి ఎలాంటివాడంటే, భోజనానికి కూర్చునే ముందు కంచం కింద రసమట్టం పెట్టి, గాజు గొట్టంలో బుడగ నడిమధ్యకు వస్తేనే చెయ్యి కడుక్కునేవాడు. చొక్కా జేబులో పెన్నుకు బదులు ఆ రసమట్టమే ఉండేది. అలాంటివాడి చేత గుద్దుకునే తలుపులు చేయించడమంటే, పాటగాడి చేత ఆవులింతలు పాడించడమే. బజారులో ఎదురైనవాళ్ళు, "ఏం మేస్త్రీ, ఈసారి ఏ తలుపు ఏ తలుపును గుద్దుతోంది?" అని పలకరించేవారు.

అన్నిటికన్నా అవమానం మేస్త్రి సొంత ఇంట్లోనే ఉంది. పెళ్ళైన మూడో నెలలో బావగారు కానుకగా ఒక చిన్న అద్దం తెచ్చి, తన చేత్తోనే గోడకు బిగించి వెళ్ళాడు. మేస్త్రి తాడిచెట్టంత పొడుగు, భార్య అతని భుజం దాటదు. అద్దం ఎక్కడ పెట్టాడంటే, అందులో మేస్త్రికి గడ్డం నుంచి కిందికి కనిపిస్తుంది, ఆవిడకు కనుబొమల నుంచి పైకి కనిపిస్తుంది. పంతొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరి మొహం వాళ్ళు చూసుకున్నది లేదు. పొద్దున్నే అతని చెంప మీద సబ్బు మిగిలిందో లేదో ఆవిడ చెప్పాలి, ఆవిడ క్లిప్పు సరిగ్గా పడిందో లేదో అతను చెప్పాలి. ఇద్దరూ కలిసి బావగారికి నాలుగు అక్షింతలు వేసి పనుల్లో పడేవారు. ఊడదీసి మార్చడం అయిదు నిమిషాల పని. ఊరందరి తలుపులూ బాగుచేసే మేస్త్రికి ఆ అయిదు నిమిషాలే దొరకలేదు.

చివరికి ఒకరోజు టీ దుకాణంలో మేస్త్రి గ్లాసు బల్ల మీద పెట్టి తేల్చేశాడు.

"బావా, ఇంకొక్క ఇల్లు. అందులోనూ తప్పు కనిపించిందో, నా పనిముట్ల పెట్టె నేను పట్టుకుపోతాను. తర్వాత నీ దారి నీది, నా దారి నాది."

బాబాయి టీ ఊదుకుంటూ, "సరే" అన్నాడు. ఆ సరే అన్నది మరీ తేలిగ్గా అన్నాడు. మేస్త్రికి అప్పుడే అనుమానం వచ్చింది.

ఆ ఒక్క ఇల్లు లెక్కల మాస్టారిది. ఆయన భార్య మందుల షాపు నడుపుతుంది. ఇల్లు కట్టి పద్నాలుగు నెలలైంది, గోడలకు ఇంకా రంగు లేదు. హాలు గోడ మీద పదకొండు రంగుల మచ్చలున్నాయి. ఆరు ఆయన పూయించినవి, అయిదు ఆవిడ పూయించినవి. ఆ పదకొండు మచ్చల దగ్గరే వాళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. అప్పటి నుంచి ఒకరికి చెప్పవలసింది ఇంకొకరికి మూడో మనిషి ద్వారానే చేరేది.

మొదటి రోజు మేస్త్రి కొలతలు తీసుకుంటుంటే మాస్టారు, "మేస్త్రిగారూ, కిటికీకి నీలం కర్టెన్ అయితే బాగుంటుందని ఆవిడకి చెప్పండి" అన్నాడు. ఆవిడ మూడడుగుల దూరంలో ఉంది.

"మేస్త్రిగారూ, ఇది ఇల్లు, ఆసుపత్రి కాదని ఆయనకి చెప్పండి" అంది ఆవిడ.

మేస్త్రి కొలత టేపు పట్టుకుని ఇటు తిరిగి ఒకసారి, అటు తిరిగి ఒకసారి చెప్పాడు. సాయంత్రానికి మెడ పట్టేసింది.

వాళ్ళిద్దరూ ఒకే ఒక్క విషయంలో ఒక్కమాట మీద ఉన్నారు. అది ఇల్లు అమ్మెయ్యాలని. కొనేవాడు కూడా దొరికాడు, ఒక కలప వ్యాపారి. ఇరవై ఒకటో రోజు సాయంత్రం నాలుగు గంటలకు బయానా పట్టుకుని వస్తానన్నాడు. అమ్మాక మాస్టారు బడి పక్కన గది చూసుకుంటాడు, ఆవిడ షాపు పైన మేడ మీదికి మారుతుంది. ఇద్దరివీ పెట్టెలు సర్దే ఉన్నాయి. చివరి ప్రయత్నంగా బాబాయిని పిలిచారు. ఇరవై ఒకటో రోజుకు ఇల్లు ఇద్దరికీ నచ్చితే ఉంటారు, లేకపోతే కలప వ్యాపారిదే. బాబాయి పేరు వాళ్ళూ విన్నారు గనక షరతు ముందే పెట్టారు. ఒక్క తప్పు కనిపించినా పని చెడినట్టే.

మేస్త్రి ఆ రోజు నుంచి బావను కనిపెట్టి ఉన్నాడు. ఎలుక కలుగు ముందు పిల్లి అయినా మధ్యలో ఒళ్ళు విరుచుకుంటుంది. మేస్త్రి అదీ చెయ్యలేదు.

బాబాయి మొదటి మూడు రోజులూ ఏ పనీ మొదలుపెట్టలేదు. ఊరికే ప్రశ్నలు అడిగాడు. ఏ రంగు ఇష్టమని ఎవరినీ అడగలేదు. మాస్టారూ, బడి నుంచి రాగానే సంచీ ఎక్కడ పడేస్తారు. అమ్మా, షాపులో పొద్దస్తమానం నిలబడి వస్తారు కదా, చెప్పులు నిలబడి విప్పుతారా, కూర్చునా. తడి తువ్వాలు ఎవరు ఎక్కడ మరిచిపోతారు. మూడు రోజుల తర్వాత ఎనిమిది డబ్బాల సున్నం తెప్పించి పదకొండు మచ్చల మీదా పూయించాడు. ఆరూ పోయాయి, అయిదూ పోయాయి.

ఆ పైన పని జోరందుకుంది. హాలుకు ఎండుగడ్డి రంగు వేయించాడు. పొద్దుటి వెలుగు పడితే గోడ కాస్త నవ్వినట్టుండేది. గుమ్మం లోపలే ఆవిడ కూర్చుని చెప్పులు విప్పడానికి పొట్టి చెక్క పీట, దాని కింద సొరుగు. మాస్టారు పరీక్ష పేపర్లు దిద్దే కుర్చీకి ఎడమ భుజం మీదుగా వెలుగు పడేలా దీపం, రాసే చేతి నీడ కాగితం మీద పడకుండా. పడమటి కిటికీకి దళసరి కర్టెన్. ప్రతి పనీ అయిన వెంటనే మేస్త్రి వెళ్ళి రసమట్టం పెట్టాడు, మూలమట్టం ఆనించాడు, ప్రతి తలుపూ పది సార్లు తెరిచి మూశాడు. ప్రతి స్విచ్చీ నొక్కాడు. ఏ గది స్విచ్చికి ఆ గది దీపమే వెలిగింది.

పదిహేను రోజులు గడిచాయి. తప్పు లేదు. మేస్త్రికి ఆకలి పోయింది. తప్పు కనిపిస్తే తిట్టవచ్చు, కనిపించని తప్పును ఏం చెయ్యాలి. మనసు ఆగక అక్క ఇంటికి వెళ్ళాడు.

"పదిహేను రోజులైందక్కా. బావ ఇంకా ఏ తప్పూ చెయ్యలేదు."

అక్క బట్టలు మడత పెడుతూ తలెత్తలేదు. "ఇంకా చెయ్యలేదంటే పెద్దదే చేస్తారు" అంది.

"మరి మీ ఇంట్లో తప్పేదీ? ఇన్నేళ్ళుగా వస్తున్నాను, నాకెక్కడా కనిపించలేదే."

"ఇల్లంతా బాగానే ఉందిరా. తప్పు ఆ వసారాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుతోంది."

వసారాలో పేపరు ఒకసారి కదిలింది.

పద్దెనిమిదో రోజు తోటకు దిగారు. ఇంటి వెనక పొడుగాటి స్థలం. చివర ప్రహరీ గోడ, గోడకు ఆనుకుని నీళ్ళ తొట్టి, మురుగు గొట్టం. మాస్టారు తాడూ స్కేలూ పట్టుకుని వచ్చి, ఎర్ర గులాబీలు రెండున్నర అడుగులకొకటి చొప్పున తిన్నని వరసల్లో ఉండాలన్నాడు, మేస్త్రితోనే. ఆవిడ తెల్ల తీగ గులాబీలు కమాను మీదికి పాకాలంది. వరసల్లో నిలబెట్టడానికి అవి బడిపిల్లలు కావని కూడా చెప్పమంది. మేస్త్రి ఈసారి మెడ తిప్పలేదు. మెడకు పట్టీ ఉంది.

బాబాయి నర్సరీకి వెళ్ళి ప్రతి అంటు మొక్కనూ మొదలు దగ్గర వేలితో తడిమి, ముల్లు గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకుని, పూలు విచ్చిన కుండీ మొక్కలే ఏరి తెచ్చాడు. ఎడమ వైపు ఎర్రవి తాడు పట్టినట్టు వరసల్లో, కుడి వైపు తెల్లవి కమాను మీద. మధ్యలో సన్నని కాలిబాట. దూరం నుంచి చూస్తే అటుదీ ఇటుదీ ఒకే తోటలా కలిసిపోయింది. మేస్త్రి అంతటివాడు ఒక్క క్షణం రసమట్టం సంగతి మరిచిపోయాడు.

ఇరవయ్యో రోజు మాత్రం గొడవ ముదిరింది. నీళ్ళ కుళాయి ఎవరి వైపు ఉండాలన్న దగ్గర మొదలై పద్నాలుగు నెలల వెనక్కి వెళ్ళింది. ఆవిడ గొంతు పెంచలేదు. మెల్లగా, "మేస్త్రిగారూ, గదులన్నీ బాగున్నాయి, తోటా బాగుంది. కానీ ఈయనతో కలిసి ఒకే కిటికీలోంచి చూడడం కూడా ఇక నా వల్ల కాదు. వ్యాపారిని రమ్మనండి" అంది. మాస్టారు తాడు చుట్ట చుట్టుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మాట అందించమని మేస్త్రిని ఎవరూ అడగలేదు. వినవలసినవాడు నేరుగానే విన్నాడు.

ఇరవై ఒకటో రోజు మేస్త్రి తెల్లారగానే వచ్చాడు. గది గదీ తిరిగాడు. పీట కింద దూరి చూశాడు. కుళాయిలు తిప్పాడు. మధ్యాహ్నం ఒంటి గంటకు, తప్పు లేదు. రెండు గంటలకు, తప్పు లేదు. హాల్లో రెండు పెట్టెలు గుమ్మానికి ఎదురుగా పెట్టి ఉన్నాయి. రెండున్నరకు చూస్తే బావ లేడు.

మూడు గంటలకు తోట వైపు నుంచి తోపుడు బండి చప్పుడు వినిపించింది. మేస్త్రి పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి కాలిబాట చివర ఒక సిమెంటు బెంచీ నిలబడి ఉంది. నాలుగు కాళ్ళూ గోతుల్లో దించి, తొందరగా గట్టిపడే సిమెంటు పోసేశారు. ఇద్దరు కూలీలు చేతులు కడుక్కుంటున్నారు. బెంచీ వీపు గులాబీల వైపు ఉంది. ముఖం ప్రహరీ గోడ వైపు, సరిగ్గా మురుగు గొట్టానికి ఎదురుగా. పైగా ఒకరికి ఎక్కువ, ఇద్దరికి తక్కువ. మూడడుగులు కూడా లేదు.

మేస్త్రి బెంచీ పట్టుకుని లాగాడు. కదల్లేదు. నడుము మాత్రం కదిలింది. కనీసం ఒరిగి ఉంటుందేమో, దాన్నైనా పట్టుకుని తిడదామని రసమట్టం తీసి బెంచీ మీద పెట్టాడు. బుడగ నడిమధ్యకు వచ్చి నిలబడింది. వెంట్రుకవాసి తేడా లేదు. పంతొమ్మిదేళ్ళ తర్వాత అద్దంలో తన ముఖం చూసుకున్నట్టు ఉలిక్కిపడ్డాడు. ఇంత నేరుగా పెట్టగలిగినవాడికి వీపేదో ముఖమేదో తెలియలేదా?

ఆలోచించే తీరిక లేదు. మూడున్నరకు వెనక తలుపు తెరుచుకుని మాస్టారూ ఆవిడా బయటికి వచ్చారు. చెరో వైపు నుంచి వచ్చి బెంచీ దగ్గర ఆగారు.

"మేస్త్రిగారూ, ఇదేమిటో ఆయన్ని అడగమని ఆవిడకి..." అని మాస్టారు మొదలుపెట్టి, ఎవరు ఎవరిని అడగాలో లెక్క తేలక ఆగిపోయాడు.

"కూర్చుని చూడండి" అన్నాడు బాబాయి. "బాగాలేకపోతే ఎలాగూ అమ్మేస్తున్నారుగా."

ఆవిడ చరచరా వెళ్ళి కూర్చుంది, ఎంత అడ్డదిడ్డంగా ఉందో రుజువు చెయ్యడానికి. మాస్టారు వెళ్ళి పక్కన కూర్చున్నాడు, రుజువు సరిచూడడానికి. మూడడుగుల బెంచీ గనక భుజానికి భుజం ఆనక తప్పలేదు. ఎదురుగా గోడ. మేస్త్రి వాచీ చూసుకున్నాడు. నాలుగుకు ఇరవై నిమిషాలు.

"గొట్టం కనిపిస్తోంది" అంది ఆవిడ, గోడకే చెబుతున్నట్టు.

"గొట్టమే కాదు, దాని మీద పాచి కూడా" అన్నాడు మాస్టారు.

"మీకూ గొట్టమేనా?"

"నీకు కనిపించేది నాకు కనిపించదా?"

మేస్త్రి ఇటు మాట అటు అందించబోయి ఆగాడు. మధ్యలో తన అవసరం పడలేదు. పద్నాలుగు నెలల్లో ఇదే మొదటిసారి.

"ఇంత తోట వేసి గోడ చూడమంటాడేమిటండీ ఈ మనిషి?"

"లెక్క అంతా సరిగ్గా చేసి జవాబు తప్పు రాసే పిల్లలుంటారు. ఆ రకం."

"నాలుగు దులపాల్సింది మొదటి రోజే."

"నువ్వు దులుపు, నేను అందిస్తాను."

ఇద్దరూ కలిసి బాబాయిని దులిపారు. ఆవిడ మొదలుపెట్టిన తిట్టు ఆయన పూర్తి చేశాడు, ఆయన మరిచిపోయింది ఆవిడ గుర్తుచేసింది. బాబాయి తెల్ల గులాబీ కొమ్మను కమానుకు కట్టుకుంటూ విన్నాడు. తిట్టి తిట్టి అలిసి, అసలు ఇటు కూర్చుంటే అటు ఏం కోల్పోతున్నామో చూద్దామని ఆవిడ వెనక్కి తిరిగింది. మెడ నొప్పి పుట్టి, ఏకంగా బెంచీ మీద మోకాళ్ళూని, వీపు ఆనే పలక మీద మోచేతులు పెట్టింది. మాస్టారు అటూ ఇటూ చూసి, ప్యాంటు పైకి లాక్కుని, తనూ మోకాళ్ళ మీదికి ఎక్కాడు.

సరిగ్గా నాలుగుకు కలప వ్యాపారి బయానా కవరుతో వెనక గేటు తోసుకుని వచ్చాడు. అతనికి కనిపించింది ఏమిటంటే, బట్టతల మాస్టారొకరూ, జుట్టు నెరిసిన ఆవిడొకరూ, రైలు కిటికీ దగ్గర పిల్లల్లా బెంచీ మీద తిరగబడి మోకాళ్ళూని, ఎర్రవి లెక్కపెడుతూ, తెల్లవి చూపించుకుంటూ, మధ్య మధ్య ఎవరినో తిట్టుకుంటూ ఉన్నారు.

"ఇల్లు సంగతి..." అన్నాడు వ్యాపారి.

"ముందు ఈ బెంచీ సంగతి తేలాలి" అన్నాడు మాస్టారు తల తిప్పకుండా. "ఈయన చేత దీన్ని తీయించేదాకా మేం ఈ ఇల్లు కదలం."

"నేను కొన్నాక తీయించేస్తాలెండి."

"మీరెందుకు తీయిస్తారు?" అంది ఆవిడ. "మా బెంచీ అది."

వ్యాపారి కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. బాబాయి ముక్కు కొస గోక్కున్నాడు.

"ఉండనీవోయ్. అలవాటవుతుంది" అన్నాడు, మేస్త్రి వైపు చూసి.

మేస్త్రి అన్న మాట మీద నిలబడే మనిషి. పనిముట్ల పెట్టె భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున గడ్డం గీసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. చొక్కా గుండీలు కనిపించాయి.

"కుడి చెంప మీద సబ్బు" అంది భార్య. అతను తుడుచుకున్నాడు. ఆవిడ వెనక్కి తిరిగితే క్లిప్పు సరిచేశాడు. "ఏమైనా మీ బావంత బుర్ర తక్కువ మనిషి లేడండీ" అని ఆవిడ రోజూ అనే మాట అంది.

రోజూ అనే జవాబు అనబోయి మేస్త్రి నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. అన్నదమ్ముల ఇల్లు గుర్తొచ్చింది. బాబాయి ఆ ఇంటి పనికి వెళ్ళేనాటికి వాళ్ళు నట్టింట్లో గోడ కట్టించుకోవాలని ఇటుకలు దింపించారు. ఇప్పుడా ఇటుకల మీద పూలకుండీలున్నాయి. అత్తాకోడళ్ళ ఇంట్లో రెండు స్టౌలుండేవి. ఇప్పుడు ఒకటే వెలుగుతోంది.

"ఏమే, మనం కొత్తలో ఒకసారి మాట్లాడుకోవడం మానేశాం. గుర్తుందా?"

"లేకేం. మూడో నెలలో. నేను మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోదామని పెట్టె కూడా సర్దాను."

"దేనికి?"

ఆవిడ చాలాసేపు ఆలోచించింది. "ఏమో, గుర్తులేదు" అంది.

మేస్త్రి జేబులోంచి రసమట్టం తీసి అద్దం పై అంచున పెట్టాడు. బుడగ నడిమధ్యన నిలబడింది. పంతొమ్మిదేళ్ళుగా అలాగే నిలబడి ఉంది కాబోలు, అతనే ఎప్పుడూ పెట్టి చూడలేదు. పెట్టె తెరిచి స్క్రూడ్రైవర్ తీశాడు.

"తీసేస్తున్నారా?" అంది భార్య. ఆ గొంతులో సంతోషం లేదు.

"లేదు. మరలు వదులయ్యాయి, బిగిస్తున్నాను."

నాలుగు మరలూ బిగించి, పెట్టె భుజాన వేసుకుని అక్క ఇంటికి నడిచాడు. బాబాయి వసారాలో పేపరు చదువుతున్నాడు. ఇద్దరు అప్పచెల్లెళ్ళు కలిసి ఇల్లు తీసుకున్నారట, రంగుల దగ్గరే మాట పట్టింపు వచ్చిందట, సోమవారం వెళ్ళాలి అని పేపరు వెనక నుంచే చెప్పాడు. వెళ్ళిపోతానన్నవాడు ఎందుకు వచ్చాడని అడగలేదు.

మేస్త్రి పెట్టె కింద పెట్టి కూర్చున్నాడు.

"బావా, ఈసారి ఆ తప్పేదో నేను చేస్తాను."

పేపరు మెల్లగా కిందికి దిగింది. బాబాయి కళ్ళు మాత్రం కనిపించాయి.

"నీకు చేతనవుతుందా? పుట్టి బుద్ధెరిగాక ఒక్క తప్పు చెయ్యలేదు కదోయ్ నువ్వు."

మేస్త్రి జేబు తడుముకున్నాడు.

"రసమట్టం పెట్టి మరీ చేస్తాను" అన్నాడు.